శనివారపు మాత్ర

బాపట్లనుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరము గడచిన నెలలో మాకు చేరినది. నాలుగు పుటల యుత్తరము. అక్షరములు గుండ్రముగా, బడిపిల్లల వ్రాతవలె నున్నవి. ఎవరో బాలిక మాకు కథ వ్రాసి పంపినదని తలంచి చదువ మొదలిడితిమి. రెండవ పుటకు వచ్చునప్పటికి సంగతి తెలిసినది. తల్లి చెప్పుచుండగా, ఎనిమిదవ తరగతి చదువుచున్న కూతురు వ్రాసినదట. తల్లి వ్రేళ్లు కలమును పట్టజాలకున్నవి. కవరులో మడిచిపెట్టిన చిన్న చీటీ కూడ నొకటి కలదు. అది మాత్రము తల్లి స్వహస్తమే. దాని మాట తరువాత చెప్పెదము.

ఆ సోదరికి 34 ఏండ్లు. ఏడేండ్లుగా రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అను కీళ్లవాతముతో బాధపడుచున్నది. మొదట మాత్రలతో కొంత నడచినది. తరువాత రెండు వారముల కొకమారు వేయించుకొను ఖరీదైన సూదిమందు మొదలిడిరి. అయిదు నెలలు కొత్త ప్రాణము వచ్చినట్లుండెనట. పిమ్మట వాపు మరల తిరిగివచ్చినది. ఇప్పుడు వైద్యుడు ఆ సూది మానిపించి వేరొక జాతి మందు వేయుదుననియు, దానితోపాటు పాత వారపు మాత్రనుకూడ తప్పక మ్రింగవలయుననియు చెప్పుచున్నాడు. ఇంటిలో ఎవరికిని ఇష్టము లేదు. “ఒక్క మందుకే లొంగని జబ్బుకు రెండు మందులు కలిపితే ఒళ్లు గుల్లయిపోదా?” అని అత్తగారు. పొరుగింటివారు ఏదో యూరిలో నిచ్చు పొడి సంగతి చెప్పిరి. “అన్నియు మానివేసి దైవముమీద భారము వేయుదునా?” అని యామె మమ్ము నడుగుచున్నది.

మేము వైద్యులము కాము. ఇట్టి యుత్తరములు వచ్చినపుడు ‘మీ వైద్యునే యడుగుడు’ అని రెండు మాటలు వ్రాసి పంపుట మా వాడుక. ఈమారు అట్లు చేయుటకు మనసొప్పలేదు. ఇదే కథ మా యింట జరిగినది. అందులో తప్పు కొంత మాది. ఆ సోదరి యనుమతితోను, మా వదినెగారి యనుమతితోను ఇచట వ్రాయుచున్నాము.

మా వదినెగారు, అనగా మా యింటివారి అక్కగారు, రేపల్లెలో నుందురు. ఎనిమిదేండ్లక్రిందట ఆమెకు ఈ వ్యాధి మొదలైనది. తెల్లవారి లేచినపుడు వ్రేళ్లు ముడుచుకొనిపోయి గంటసేపటివరకు విప్పుకొనకుండెను. కుళాయి తిప్పలేకపోయెను, తడిబట్ట పిండలేకపోయెను, చీర కుచ్చిళ్లు సరిచేసికొనలేకపోయెను. పూలు కట్టుటలో ఆమెకు సాటి మా యింట మరెవ్వరును లేరు. పండుగనాడు పూలబుట్ట ముందు పెట్టుకొని కూర్చుండి కన్నీరు పెట్టుకొనుట మేమే చూచితిమి. 2006లో చికున్‌గున్యా జ్వరము మన జిల్లాలను ఊపివేసినది మొదలు, కీళ్లు నొప్పి యన్నచో ‘ఆ జ్వరపు నొప్పేలే’ యని తోసివేయుట అందరికి నలవాటైనది. మేమును అట్లే యంటిమి. ఆ విధముగా తొమ్మిది నెలలు వృథాయైనవి. తొలి దినములలో మందు పడినచో కీలు చెడదు. చెడిన పిమ్మట ఎంత గొప్ప మందైనను వంగిన వ్రేలిని చక్కచేయదు.

ఇది ముసలితనమున మోకాలు అరుగుట కాదు. మౌసలపర్వములో యాదవులు తుంగపరకలు పెరికి ఒకరినొకరు మోదుకొనిరి గదా, ఇదియు అట్టిదే. రోగక్రిములనుండి కాపాడుటకై యున్న దేహసైన్యము తన కీళ్లనే పరాయివిగా నెంచి మీదపడును. కీలులోపలి పలుచని పొర యుబ్బి, మృదులాస్థిని, ఎముకను తినివేయును. పురుషులకంటె స్త్రీలలో రెండుమూడు రెట్లు అధికము. మన పూర్వులు ఆమవాతమని వర్ణించినదియు దీనికి దగ్గరి లక్షణములు గలదియే. మాధవనిదానములో దానికి ప్రత్యేకముగా నొక యధ్యాయమే కలదు.

ఇక ఆ పాత మాత్ర. దాని పేరు మెథోట్రెక్సేటు. ఏ మందులదుకాణములోనైనను స్వల్పమైన వెలకు దొరకును. అందువలననే దానికి ఇంటిలో మర్యాద లేదు. ఇది యెక్కడ పుట్టినదో తెలిసినచో మన స్త్రీలు దానిని మరియొక కంటితో చూతురేమో. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకు పోయి, 1940 నుండి లెడర్లీ కంపెనీ పరిశోధనాలయములో పనిచేసిరి. ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసినది. అటుపిమ్మట ఆ ఆమ్లమునకు విరోధులైన అమినాప్టెరిన్, మెథోట్రెక్సేటు అను మందులును అచటినుండియే వచ్చినవి. అన్నదమ్ములిరువురు స్ప్రూ యను నెత్తురు క్షీణింపజేయు పేగుల వ్యాధిచే కన్నుమూయుట చూచిన మనిషి. ఆ వ్యాధికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును తన పరిశోధనాలయమునుండియే లోకమునకు అందించిరి. 1948 ఆగస్టులో ఆయన మరణించిరి. అమినాప్టెరిన్ కీళ్లవాతమునకు పనికివచ్చునని 1951లో గబ్నర్ మున్నగు వైద్యులు వెల్లడించుట ఆయన చూడలేదు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటును కీళ్లవాతమునకు వాడుటకు అమెరికా ప్రభుత్వ మనుమతి 1988లో లభించినది.

పుట్టకురుపులకు వేలకొలది మిల్లీగ్రాములు వాడు మందు కీళ్లకు వారమున కొకమారు 7.5 నుండి 25 మిల్లీగ్రాములు చాలును. దాని చేదును తగ్గించుటకు వేరొక దినమున ఫోలిక్ ఆమ్లపు మాత్ర నిత్తురు. విషమువంటిదియు దాని విరుగుడును ఒక్క పరిశోధనాలయమునుండియే వచ్చినవన్నమాట. మా యింటివారు బడిలో పిల్లలకీ సంగతి చెప్పునపుడు పాఠము గంట దాటిపోవుననుట మాకు తెలిసినదే.

వదినెగారికి వైద్యుడు వారమునకు 15 మిల్లీగ్రాములు, అనగా చిన్నమాత్రలు ఆరు, మ్రింగుమని చెప్పెను. మరచిపోకుండుటకు ఏదైన నొక వారమును నిర్ణయించుకొనుమనెను. ఆమె శనివారమును ఎంచుకొనెను. ఇంటిలో దానికి ‘శనివారపు మాత్ర’ యని పేరు వచ్చినది. కాని ఆమెకు శనివారము వేంకటేశ్వరస్వామి యుపవాసము. రాత్రి పండో ఫలమో తిని, వట్టి కడుపుమీద ఆరు మాత్రలును వేసికొని, ఆదివారమంతయు వాంతి వచ్చునట్లుండుచు పడకమీద నుండెడిది. ఈ రెంటికిని సంబంధమున్నదని ఆమెకును తోచలేదు, చూచుచున్న మాకును తోచలేదు. అయినను రెండేండ్లు గుణమిచ్చినది. వ్యాధి మరల తల యెత్తినపుడు సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అను మరి రెండు మాత్రలు చేర్చిరి. ఈ మూడు మాత్రల కలయిక తక్కువదేమియు కాదు. మెథోట్రెక్సేటు ఒక్కటి చాలని 353 మంది రోగులపై చేసిన పరిశోధన 2013లో వెలువడినది. ఈ మూడును కలిసి, ఎటనర్సెప్ట్ అను ఖరీదైన సూదిని మెథోట్రెక్సేటుతో కలిపిన దానికి తీసిపోలేదని తేలినది. వదినెగారికి మాత్రము అదియు చాలలేదు. అప్పుడు అడలిముమాబ్ అను సూది వచ్చినది. దానికొరకు ఆమె రెండుపేటల గొలుసు తాకట్టునకు పోయినది.

ఈ జాతి మందులను బయొలాజిక్కు లందురు. రసాయనములు కలిపి వండునవి కావు. జీవకణములను పెంచి వానిచే చేయించు మాంసకృత్తులు. కీళ్లలో వాపును రగిలించు టి.ఎన్.ఎఫ్. అను పదార్థమును ఇవి పట్టి నిలుపును. కీళ్లవాతమునకు మొదటిది 1998లో అమెరికాలో అనుమతి పొందినది. వీనివలన మంచము విడిచి నడచినవారు వేలకొలది. అయినను అందరికిని పనిచేయవు. కొందరికి మొదటినుండియు పనిచేయవు, కొందరికి కొంతకాలము పనిచేసి మానును.

వదినెగారికి నాలుగు నెలలు హాయిగా నుండెను. ఆ సంక్రాంతికి అందరము తెనాలిలో మా యింట కలిసితిమి. ఆమె అరిసెల పిండిని తన చేతితో వత్తినది. భోజనములైన పిమ్మట ఆమె మందులపెట్టె తెరచి మాత్రలు లెక్కపెట్టుకొనుచుండగా, మేము చనువుకొలది, “ఇంత పెద్ద సూది వేయించుకొనుచు ఇన్ని మాత్రలు కూడ నెందుకు వదినా, వేడి చేయదా?” అంటిమి. అనిన మాటను మేము మరునాటికే మరచితిమి.

వేసవి వచ్చునప్పటికి వాపు తిరిగివచ్చినది. మణికట్టు లుబ్బినవి. వైద్యుడు సూది పనిచేయుటలేదనెను. గొలుసు పోయినది, గుణమును పోయినది. సాయము చేయుటకు మేము రేపల్లె పోయితిమి. వంటయింట చింతపండు జాడీ తీయబోగా వెనుకనుండి మాత్రల అట్టలు జారి క్రిందపడినవి. పదునేడు అట్టలు. ఒక్కదానిలోనైనను ఒక్క మాత్రయు తీసినది కాదు. ఏడు నెలల శనివారపు మాత్రలన్నియు అచటనే యున్నవి. అన్నయ్యగారు నెలనెల కొని తెచ్చుటయు, ఈమె జాడీవెనుక పెట్టుటయు.

“ఇదేమి వదినా?” అంటిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. “ఆదివారాలు లేవలేకపోతున్నానే అమ్మాయీ. ఖరీదు సూది ఉందిగా అనుకున్నాను. నువ్వే కదుటే, వేడి చేస్తుందన్నావు?” అని మెల్లగా ననెను.

మాకు నోట మాట రాలేదు.

మరుసటివారము గుంటూరునకు ఆమెతో మేమే పోయితిమి. ఆ అట్టలన్నియు సంచిలో వేసికొని పోయి వైద్యుని బల్లమీద పెట్టితిమి. కోపగించునని భయపడితిమి గాని, ఆయన కోపగింపలేదు. కాగితముమీద బొమ్మ గీచి చూపెను. ఈ సూదిమందు మాంసకృత్తు గావున దేహము దానినికూడ పరాయిదానిగానే యెంచి విరుగుడు పదార్థములను పుట్టించును. అవి సూదిని పట్టుకొని పని చేయనీయవు. మెథోట్రెక్సేటు ఆ విరుగుడును చాలవరకు అణచి యుంచును. సూదితోపాటు దాని నిచ్చుట అందుకొరకుకూడను. ‘పాత మాత్ర పనిచేయలేదు గనుకనే సూది యిచ్చిరి, ఇక మాత్ర యెందుకు?’ అని మనము తలంతుము. అది తప్పు లెక్క. మేము బడికి పోయి చదివినవారము కాము. తాతగారియొద్ద చదివిన భారతమే మాకు తోచును. విలుకాడు ఎంత గొప్పవాడైనను తేరు నడుపువాడు వానికి అనుకూలుడై యుండవలెను. మా వదినె తన యింటి కర్ణునికి సారథినే దింపివేసినది. దింపుమని చెప్పిన శల్యులము మేము.

ఒక మాట న్యాయముగా చెప్పవలెను. మాత్ర మానినందుననే సూది చెడెనని ఆ వైద్యుడు చెప్పలేదు. మాత్ర మ్రింగుచున్నవారిలోను కొందరికి ఇట్లు జరుగును. కాని ‘మానితిని’ అను సంగతి ఆయనకు తెలియకపోయినచో తరువాతి మందును ఎన్నుకొనుటలో పొరపాటు పడెడివారమని చెప్పెను. బాపట్ల సోదరి తన యుత్తరములో, వారపు మాత్ర మానినది యెప్పుడో వ్రాయలేదు. అమ్మా, మానియున్నచో ఏ నెలలో మానితివో వైద్యునికి చెప్పుము. సిగ్గుపడవలదు.

ఒక సూది ఓడినచో దారి మూసికొనిపోదు. ఇదియే మేము ఆమెకు ముఖ్యముగా చెప్పదలచినది. అదే టి.ఎన్.ఎఫ్. జాతిలో వేరొకటి యుండవచ్చును, వేరు త్రోవన పోవు అబాటసెప్ట్, టోసిలిజుమాబ్ ఉన్నవి, మ్రింగు మాత్రలైన టోఫాసిటినిబ్, బారిసిటినిబ్ ఉన్నవి, రిటుక్సిమాబ్ ఉన్నది. వీనిలో నధికభాగమును మెథోట్రెక్సేటుతో జతగానే పరీక్షించిరి. వదినెగారికి వైద్యుడు ఎన్నుకొన్నది రిటుక్సిమాబ్. ఇది మొదట ఒక జాతి రక్తసంబంధమైన పుట్టకురుపునకు 1997లో అనుమతి పొందినది. దేహసైన్యములో బి-కణములను తొలగించును. 2004లో వెలువడిన యొక పరిశోధనలో, మెథోట్రెక్సేటు వాడుచున్నను తగ్గని 161 మందిని నాలుగు గుంపులుగా చేసి చూచిరి. ఆరు నెలలకు బాధ సగమైనవారు మెథోట్రెక్సేటు గుంపులో నూటికి 13, రిటుక్సిమాబ్ ఒక్కటే యిచ్చినవారిలో 33, రెండును కలిపినవారిలో 43. తరువాత 2006లో, టి.ఎన్.ఎఫ్. సూదులు ఓడినవారిమీదనే చేసిన పరిశోధన వచ్చినది. ఈ జతవలన ఐదింట నొకవంతైనను బాధ తగ్గినవారు నూటికి 51. మెథోట్రెక్సేటుతో ఉత్తుత్తి మందు పొందినవారిలో 18. ఆ యేటనే అమెరికాలో కీళ్లవాతమునకు అనుమతి వచ్చినది.

నూటికి 51 అనగా తక్కిన 49 మందికి ఆ మాత్రము మేలును కలుగలేదని యర్థము. దీనిని మేము దాచము. ఆశపెట్టి మోసగించుట పొడి అమ్మువాని పని. నాలుగారు నెలలు చూచి, చాలనిచో మరియొక దారి పట్టుట ఈ వైద్యమున సహజము. అది వైద్యుని చేతగానితనము కాదు, రోగి పాపమును కాదు.

ఈ రిటుక్సిమాబునకు సరిపోలు మందును హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ వారు 2007లో రెడిటక్స్ అను పేర విదేశపు మందుకంటె తక్కువ వెలకు తెచ్చిరి. ఒక తెలుగు బిడ్డ నడిపిన ప్రయోగశాలనుండి వచ్చిన పాత మాత్రయు, తెలుగు నేలమీద తయారైన కొత్త మందును మా వదినెగారి నెత్తురులో కలిసినవని మా యింటివారు పొంగిపోయిరి. వదినెగారు మాత్రము “ఎవరు చేస్తే ఏమిరా, చేయి లేస్తే చాలు” అనిరి.

అత్తగారి ప్రశ్న మిగిలియున్నది: రెండు మందులు కలుపవచ్చునా? కలుపదగినవియు కలవు, కలుపరానివియు కలవు. పాత మాత్రను కొత్త సూదితో కలుపుట వేరు. రెండు సూదులను ఒక్కమారు కలుపుట వేరు. ఇంకొకరి సంచిలో మిగిలిన సూది తెచ్చి తన సూదితోపాటు పొడిపించుకొన తలచినవారిని గూర్చి మేము వింటిమి. ఎటనర్సెప్ట్, అనాకిన్రా అను రెంటిని కలిపి చూచిన పరిశోధన 2004లో వెలువడినది. మేలు పెరుగలేదు, ఎటనర్సెప్ట్ ఒక్కటే పొందినవారిలో ఎవరికిని రాని తీవ్రమైన అంటురోగములు, రెండును పూర్తిగా పొందినవారిలో నూటికి ఏడుగురికి పైగా వచ్చినవి. సైన్యమునంతయు ఒక్కమారుగా నిరాయుధము చేసినచో కోటను కాపాడువా రెవరు? బయొలాజిక్కుతో టోఫాసిటినిబువంటి మాత్రనుకూడ కలుపరాదు.

టోఫాసిటినిబ్ మాత్ర యగుటచేత సూదికి భయపడువారు దాని నిష్టపడుచున్నారు. బయొలాజిక్కులు ఓడినవారిలో, మెథోట్రెక్సేటుతో దీనిని చేర్చి మూడు నెలలు చూచిన పరిశోధన 2013లో వచ్చినది. నూటికి దాదాపు 42 మందికి గుణము కనిపించినది, ఉత్తుత్తి మాత్రవారిలో 24. అయితే 50 ఏండ్లు దాటి గుండెజబ్బునకు కారణములున్నవారిలో దీనివలన గుండెపోటు, పుట్టకురుపు కొంత యెక్కువగా కానవచ్చినవని 2022లో ప్రకటించిరి. సర్పి లేచుట కూడ కలదు. చుట్ట, బీడీ అలవాటున్నవారు దాచక చెప్పవలెను.

మన దేశమున క్షయ ఇంకను పోలేదు. ఇంటిలో ఎవరికైన ఎప్పుడైన క్షయ వచ్చియున్నచో అది పరువు తక్కువని దాచుట మనలో మిక్కుటము. ఈ మందులకుముందు ఛాతి ఫోటో, క్షయ పరీక్ష చేయుదురు. నిద్రించుచున్న క్షయను టి.ఎన్.ఎఫ్. సూదులు మేల్కొల్పగలవు గనుక. రిటుక్సిమాబునకు ముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పదు. వేయించుకొనవలసిన టీకాలు దానికి ముందే వేయించుకొనుట మేలు, తరువాత వేసినచో సరిగా పట్టకపోవచ్చును. వదినెగారికి పరీక్షలలో నేమియు తేలలేదు. రెండు వారముల యెడముతో రెండు మార్లు, ప్రతిమారు 1000 మిల్లీగ్రాములు, ఆసుపత్రిలో పడుకొనబెట్టి సన్నని ధారగా నెక్కించిరి. మొదటిమారు చలి, దురద వచ్చినవి. ధార తగ్గింపగా సర్దుకొన్నవి.

శనివారము సంగతికూడ ఆనాడే తేలినది. ఉపవాసముతో మ్రింగుచున్నానని చెప్పగానే వైద్యుడు నవ్వి, “స్వామివారి దినము స్వామికే వదలండమ్మా” అనెను. బుధవారము రాత్రి భోజనమైన పిమ్మట మ్రింగుట, శుక్రవారము ఫోలిక్ మాత్ర. అదియు సరిపడనిచో చర్మముక్రింద వేయు సన్నని సూదిగా నిచ్చెదననెను, దానివలన కడుపు త్రిప్పుట కొందరికి తగ్గునట. అంత యవసరము కలుగలేదు. ఏడు నెలలు దాగిన మాత్రలకు విరుగుడు ఒక్క ప్రశ్నలో నుండినది; ఆమె చెప్పలేదు, మేమడుగలేదు. ఇంటిలో దానిని ఇప్పటికిని శనివారపు మాత్ర యనియే యందురు.

మెథోట్రెక్సేటు గల యింట గృహిణి ఒక్క సంగతి గోడమీద వ్రాసిపెట్టుకొనవలెను. అది వారమున కొకమారు మాత్రమే. పొరపాటున దినదినము మ్రింగి ప్రాణము పోగొట్టుకొన్నవారు అన్ని దేశములలోను కలరు. మెథోట్రెక్సేటు, ఫోలిక్ మాత్రలు రెండును చిన్నవి, రెండును పసుపుపచ్చనివి కావచ్చును. ఒక్క డబ్బాలో పోయకుడు. నోటిలో పుండ్లు, విడువని జ్వరము, పొడిదగ్గుతో ఆయాసము కలిగినచో మ్రింగుట ఆపి వెంటనే వైద్యునికి చూపవలెను. నెత్తురు, కాలేయ పరీక్షలు చెప్పిన గడువునకు చేయించవలెను. మూత్రపు మంటకో విరేచనములకో దుకాణమువాడు కోట్రైమోక్సజోల్ ఇయ్యబోయినచో ‘నేను మెథోట్రెక్సేటు మ్రింగుచున్నాను’ అని చెప్పుడు. ఆ రెంటికిని పొసగదు, నెత్తురు కణములు పడిపోవును.

పిల్లలు కలుగు వయసులోని స్త్రీలు ఇంకొకటి యెరుగవలెను. మెథోట్రెక్సేటు గర్భమునకు హాని. బిడ్డను కోరువారు ముందుగానే, సాధారణముగా మూడు నెలలకు ముందే, వైద్యుని చెప్పినట్లు దానిని మానవలెను. లెఫ్లునమైడ్ వాడినవారికి అది దేహమునుండి కడిగివేయుటకు వేరు మందు కావలెను. రిటుక్సిమాబ్, టోఫాసిటినిబ్ కూడ ఆ కాలమునకు తగినవి కావు. అట్లని ఆశ వదలుకొననక్కరలేదు. సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భముతోనున్నపుడును వాడుదురు, కొన్ని టి.ఎన్.ఎఫ్. సూదులను వైద్యుని చూపులో కొనసాగింతురు. గర్భకాలమున పలువురికి ఈ వ్యాధి తానుగా తగ్గి, ప్రసవానంతరము మరల విజృంభించును. కొత్త మందు ఎక్కింపకముందే ఈ కోరికను వైద్యునితో చెప్పవలెను. తరువాత చెప్పినచో నెలలు కాచుకొనవలసివచ్చును. అందరియెదుట నోరు విప్పలేనివారు, ఒక్క నిమిషము తక్కినవారిని వెలుపలికి పంపుమని వైద్యునే యడుగవచ్చును.

పొడి సంగతి రెండు మాటలు. పేరులేని పొడులవలన మూడు దినములలో నొప్పి మాయమైనచో సంతోషింపకుడు, అనుమానింపుడు. వానిలో స్టెరాయిడ్లు కలిపి యమ్ముట పలుమార్లు బయటపడినది. ముఖముబ్బును, చక్కెర పెరుగును, ఎముక గుల్లయగును. చటుక్కున మానినచో సొమ్మసిల్లి పడుట కలదు. అత్తగారు చెప్పిన ‘ఒళ్లు గుల్లయగుట’ నిజముగా దీనివలననే.

వదినెగారు గడచిన ఆదివారము రేపల్లె బండిలో ఒంటరిగా తెనాలి వచ్చిరి. కుడిచేతి రెండు వ్రేళ్లు వంగియే యున్నవి, అవి ఇక చక్కబడవు. తెల్లవారి పావుగంట బిగువు ఇంకను కలదు. ఎనిమిది నెలలకు మరల ధార ఎక్కించుకొనవలసివచ్చినది. గొలుసు ఇంకను తాకట్టునుండి రాలేదు. కాని మా పెరటి మల్లెలు కోసి, తక్కిన వ్రేళ్లతో, మునుపటికంటె వదులుగా, మూర పొడుగు మాల కట్టి మా తలలో పెట్టిరి. బాపట్ల యుత్తరమును ఆమెకు చదివి వినిపించితిమి. ఆ పిల్ల వ్రాత చక్కగా నున్నదనిరి.

చీటీలో నున్నదానిని ఇచట వ్రాయము. కూతురిచే వ్రాయింపలేని మాట గావుననే ఆ తల్లి నొప్పి నోర్చుకొని నాలుగు వంకర పంక్తులు స్వయముగా వ్రాసినది. సమాధానమును వేరుగా మూసిన కవరులో ఆమె పేర పంపితిమి. చీటీని పొయ్యిలో వేసితిమి.